తాళం చేతిలో ఉందా?

మొన్న శుక్రవారం సాయంత్రం మా ఆఫీసు బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఒక సీను. మా టీం లీడు తన కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. తాళం లోపల, ఆయన బయట. లాప్‌టాప్ లోపలే, ఫోనూ లోపలే. పదిమందిమి చేరాం. పదిమందీ ఇంజినీర్లమే కాబట్టి ఓ పన్నెండు సలహాలు వచ్చాయి. "రీస్టార్ట్ చేసి చూడు" అన్నవాడు కూడా ఉన్నాడు. మా డామేజరైతే "దీనికి రూట్ కాజ్ రాసి సోమవారానికి పంపించు" అని జోకేసి లిఫ్టెక్కి వెళిపోయాడు. వేరేవాళ్ల ఫోన్లోంచి వాళ్లావిడకి కబురు పెడితే, ఆవిడ ఆటోలో రెండో తాళం పట్టుకొచ్చేసరికి గంటన్నర పట్టింది. అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకాగిపోయానో చెప్పాలనే ఈ సోదంతా.

ముందు నా కథ చెప్తాను. నాదీ ఇలాంటిదే, కాకపోతే లోపల ఉండిపోయింది లాప్‌టాప్ కాదు.

2023 మే నెల. సెలవు పెట్టి విజయనగరం వెళ్లాను. అమ్మ, అక్క, అక్క కూతురు, నేను కలిసి అరసవల్లి బయల్దేరాం. దర్శనం చేసుకుని, అట్నుంచటే శ్రీకూర్మం కూడా వెళ్లొద్దామని ప్లాను. నాదో సెకండ్ హ్యాండ్ కారు, తాళం పెట్టి తిప్పే రకం. రణస్థలం దాటాక హైవే పక్కన ఒకావిడ ముంజెలు చెలుగుతోంది. ముంజెలు చూశాక మావాళ్లు కారుని కదలనిస్తారా? ఏరడానికి అక్క దిగింది (నా సెలక్షన్ మీద ఆవిడకి నమ్మకం లేదు). బేరమాడ్డానికి అమ్మ దిగింది. ఫోన్‌పే కొట్టడానికి నేను దిగాను. వెనక సీట్లో మేనకోడలు నిద్రపోతోంది, రెండున్నరేళ్లు. ఎండ మాడిపోతోందని ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వదిలేసి, తలుపు దగ్గరకి వేసేసి వచ్చాను. "రెండు నిమిషాలే కదా" అనుకున్నాను.

ఆ రెండు నిమిషాల్లో అది లేచింది. రెండు సీట్ల మధ్యనుంచి దూరి నా సీట్లోకి వచ్చింది. స్టీరింగు తిప్పింది. తర్వాత తలుపు మీద బుడిపె కనబడినట్టుంది, నొక్కింది. టక్‌మని నాలుగు తలుపులూ లాకైపోయాయి. తాళం దాని దగ్గర, మేం బయట.

రెండో తాళం ఎక్కడుందయ్యా అంటే, భద్రంగా ఉంది. హైదరాబాదులో, మా ఫ్లాట్లో, బీరువాలో. డేటాకి మూడు చోట్ల బ్యాకప్ పెట్టమని క్లయింట్లకి స్లైడ్లు చూపించే మనిషిని నేను :)

ఇహ జనం చేరారు. ఒకాయన స్టీలు స్కేలు తెమ్మన్నాడు. ఇంకొకాయన కరెంటు వైరు వంచి ఉచ్చు చేశాడు. అక్క అద్దం దగ్గర నిలబడి "ఇది పైకి లాగమ్మా, పైకి లాగు" అని సైగలు చేస్తోంది. పిల్ల దాన్ని ఆటనుకుని మొదట్లో నవ్వింది, తర్వాత ఏడుపు మొదలెట్టింది. నేనేం చేస్తున్నానంటే, ఫోన్లో వీడియోలు వెతుకుతున్నాను. నిజం చెప్పాలంటే వీడియోల వెనక మనసులో ఇంకో లెక్క నడుస్తోంది. అద్దం పగలగొడితే ఎంతవుతుంది? ఇన్సూరెన్సులో వస్తుందా? నో క్లెయిమ్ బోనస్ పోతుందా?

పావుగంట గడిచింది. పిల్ల చెయ్యి ఒకసారి గేర్ రాడ్ మీద, ఒకసారి తాళం మీద పడుతోంది. ఆ తాళం కాస్త వెనక్కి తిరిగితే ఇంజినాగిపోతుంది, ఏసీ పోతుంది. పైన మే నెల ఎండ. అప్పుడు ముంజెలమ్మే ఆవిడ లేచి వచ్చింది. "అద్దానికేటి బాబూ, మల్లీ ఏయించుకోవచ్చు. గుంట లోపలుంటే ఇంకా సూత్తావేటి?" అంది. అని ముంజెలు చెలిగే కత్తి నా చేతికిచ్చింది.

పిల్ల ముందు కుడివైపు సీట్లో ఉంది కాబట్టి వెనక ఎడమవైపు అద్దం ఎంచుకున్నాను. కత్తి వెనకవైపుతో మధ్యలో కొట్టాను, ఏమీ కాలేదు. పక్కనే ఆగి చూస్తున్న లారీ డ్రైవరు "మజ్జిన కాదు, మూల కొట్టండి" అన్నాడు. మూల కొడితే ఒక్క దెబ్బకి మొత్తం అద్దం పటికబెల్లం పలుకుల్లా రాలిపోయింది. చెయ్యి పెట్టి తలుపు తీసి పిల్లని ఎత్తుకునేసరికి నా కాళ్లలో వణుకు. కొత్త అద్దానికి రెండు వేల ఎనిమిది వందలయింది. పావుగంట సేపు నేను బేరమాడింది ఆ రెండు వేల ఎనిమిది వందల గురించి.

ఆ తర్వాత రెండేళ్లు ఈ కథని పార్టీల్లో జోకులాగే చెప్పాను. కిటికీకి తువ్వాలు కట్టుకుని అరసవల్లి వెళ్లడం, ముంజెలావిడ డైలాగు, అన్నీ కలిపి బాగా పండేది. జోకుగా చెప్పడం మానేసింది 2025 మే 18న.

ఆ రోజు ఆదివారం. విజయనగరం పక్కనే ఉన్న ద్వారపూడిలో ఆడుకోడానికి వెళ్లిన నలుగురు పిల్లలు, ఆగి ఉన్న ఒక కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. బయటికి రాలేకపోయారు. నలుగురూ చనిపోయారు. ఎవరికీ ఎనిమిదేళ్లు దాటలేదు. మా అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తోంది. వార్త చెప్పి, చివర్న "నీ కారు తాళం ఏసే ఉందా?" అని అడిగింది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉన్న కారు గురించి, ఆరొందల కిలోమీటర్ల అవతల్నుంచి. నేను "ఆఁ, వేసే ఉంటుందమ్మా" అన్నాను. తర్వాత అనుమానం వచ్చి కిందకెళ్లి చూశాను. వెయ్యలేదు.

ద్వారపూడికి నెల రోజుల ముందు, ఏప్రిల్ 14న, రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో నాలుగేళ్లు, ఐదేళ్ల ఆడపిల్లలిద్దరు ఇలాగే కారులో ఉండిపోయి చనిపోయారు. 2020 ఆగస్టులో కృష్ణా జిల్లా బాపులపాడు మండలం రేమల్లెలో ముగ్గురు చిన్నారులు. ఊళ్లు వేరు, కథ ఒక్కటే. ఆగి ఉన్న కారు, తాళం వెయ్యని తలుపు, ఆడుకుంటున్న పిల్లలు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనవాళ్లు అనే మాట "తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి". ఉండాలి, కాదనను. కానీ నాకు ఈ మాట మీదే పేచీ. మా వైపు పల్లెల్లో ఆదివారం పూట పిల్లలు వీధిలో ఉంటారు. అలాగే ఉండాలి కూడా. మనం అలాగే పెరిగాం. మారింది పిల్లలు కాదు, వీధి. మా చిన్నప్పుడు వీధి మొత్తానికి ఒక అంబాసిడరుంటే గొప్ప. ఇప్పుడు రామాలయం పక్కన, రచ్చబండ దగ్గర, స్కూలు గోడ వారన ఎక్కడ చూసినా కార్లే. మనలాంటి వాళ్లం పండక్కి ఊరెళ్లి, నాలుగు రోజులు కారుని వీధిలో పెట్టేస్తాం. తాళం వెయ్యరేంటని అడిగితే "మా ఊళ్లో దొంగలు లేరండీ" అంటాం, గర్వంగా.

దొంగ కోసం కాదండీ బాబూ తాళం. పిల్లల కోసం.

మా తాతగారి ఊళ్లో నుయ్యి ఉండేది. దానికి నడుమెత్తు గోడ. పిల్లలు నూతిలోకి తొంగి చూస్తే పెద్దవాళ్లు కేకలేసేవారు, నిజమే. కానీ పిల్లల్ని కేకలెయ్యడానికి ముందే నూతికి గోడ కట్టేవారు. ఆ గోడ కట్టించడం నుయ్యి తవ్వించినవాడి పని, వీధిలో పిల్లల్ని కన్నవాళ్ల పని కాదు. కారు కూడా అంతే. వీధిలో పెట్టినవాడిదే పూచీ. ఇంతే నేను చెప్పదల్చుకున్నది, మిగతాదంతా వివరణ.

అసలు లోపలికి ఎక్కగలిగిన పిల్లలు బయటికెందుకు రాలేరు? నాకూ మొదట అర్థం కాలేదు. నా కారులోనే కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. వెనక తలుపులకి చైల్డ్ లాక్ అని ఉంటుంది. అది వేసి ఉంటే, లాక్ తీసే ఉన్నా సరే, లోపలి హ్యాండిల్ పనిచెయ్యదు, బయటనుంచే తియ్యాలి. నడుస్తున్న కారులోంచి పిల్లలు పడిపోకుండా పెట్టిన ఏర్పాటు, ఆగిన కారులో పిల్లల్ని బంధిస్తుంది. ముందు తలుపు బుడిపె నొక్కితే నాలుగూ లాకవుతాయి. కొన్ని కార్లలో లోపలి హ్యాండిల్ ఒకసారి లాగితే లాకు ఊడుతుంది, రెండోసారి లాగితేనే తలుపు తెరుచుకుంటుంది. మనకి తెలుసు, భయపడిన ఆరేళ్ల పిల్లకి తెలీదు. పవర్ విండోలు తాళం లేకుండా దిగవు. ఇంకోటి, చాలా కార్లలో రిమోట్‌తో లాక్ తీసి, అర నిమిషంలోపు ఏ తలుపూ తెరవకపోతే కారు తనంతట తానే మళ్లీ లాకైపోతుంది. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో సెంట్రల్ లాకింగ్‌ని చేత్తో తీసుకునే ఏర్పాటు ఉండాలని నిబంధన పెట్టారు. మంచిదే. కానీ అదెక్కడుందో పిల్లలకి ఎవరు చెప్పారు?

వార్తల్లో "ఊపిరాడక" అని రాస్తారు. నేను డాక్టర్ని కాను, ఏ ఒక్క సంఘటన గురించీ తీర్పు చెప్పను. కానీ ఎండలో మూసిన కారులో అన్నిటికంటే తొందరగా ముంచుకొచ్చేది వేడి. ఎండ అద్దంలోంచి లోపలికి వచ్చి సీట్లనీ, డాష్‌బోర్డునీ కాలుస్తుంది. ఆ వేడి మాత్రం అద్దంలోంచి అంత సులువుగా బయటికి పోదు. 2005లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, బయట 22 డిగ్రీలే ఉన్న రోజున కూడా కారులో గంటలో మరో 22 డిగ్రీల దాకా పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. బయట 22 అంటే మనకి డిసెంబరు ఉదయం లెక్క. మరి మే నెలలో? పైగా పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. "రెండు నిమిషాలే కదా" అన్నవాణ్ణి నేనే కాబట్టి ఈ అంకెలు నాకు కంఠతా వచ్చేశాయి.

"మన దగ్గరే ఇలా, అమెరికాలో అయితేనా" అనేవాళ్లకి ఓ మాట. అక్కడ 1998 నుంచి లెక్క చూస్తే, కార్లలో వడదెబ్బకి ఏడాదికి సగటున 37 మంది దాకా పిల్లలు చనిపోతున్నారు. సగానికి పైగా పెద్దవాళ్లు మర్చిపోయి వదిలేసినవాళ్లు. సుమారు నాలుగో వంతు తమంతట తాము కారెక్కినవాళ్లు. కాకపోతే వాళ్లు ఒక పని చేశారు. డిక్కీలో చిక్కుకుని చనిపోయిన పిల్లల్ని చూశాక, 2001 సెప్టెంబరు నుంచి తయారయ్యే కార్ల డిక్కీలో లోపల్నుంచి తీసుకునే ఏర్పాటు, చీకట్లో కూడా కనబడేలా, తప్పనిసరి చేశారు. యూరప్‌లో యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2023 నుంచి, కారులో ఉండిపోయిన పిల్లని పసిగట్టే సెన్సరుకి మార్కులిస్తున్నారు. అంటే "యూజర్ మిస్టేక్" అని టికెట్ క్లోజ్ చేసెయ్యకుండా, డిజైన్ బగ్ అని ఒప్పుకున్నారన్నమాట. మనం కూడా కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ గురించి అడిగినంత గట్టిగా దీని గురించి అడిగితే బాగుండు.

అదొచ్చేదాకా మన చేతిలో ఉన్న పని చూద్దాం. మా లీడు తాళం లోపల వదిలెయ్యడం, నేను ముంజెల దగ్గర బిక్కమొహం వెయ్యడం, మా సెల్లార్లో కారు తాళం లేకుండా ఉండిపోవడం, ఇవి మూడూ వేరువేరు తప్పులు కావు. మూడింట్లోనూ తాళం ఒకచోట, మనం ఒకచోట, మన బుర్ర ఇంకోచోట. అందుకే నియమం కూడా ఒక్కటి చాలు:

తాళం చేతిలో కళ్లతో చూసుకుని, బయట నిలబడి, ఆ తాళంతోనే కారు లాక్ చెయ్యాలి. ఆ పని అవకుండా కారు దగ్గర్నుంచి అడుగు కదపకూడదు.

లోపలి బుడిపె నొక్కి తలుపు గుద్దేసే అలవాటు మానేస్తే తాళం లోపల ఉండిపోదు. లాక్ చెయ్యందే కదలకపోతే వీధి పిల్లలు లోపలికి ఎక్కలేరు. లాక్ చేసేముందు వెనక సీటు ఒకసారి చూస్తే మన పిల్లలు లోపల ఉండిపోరు. ఒక అలవాటుకి మూడు ప్రమాదాలు పోతాయి. మా మామ్మకి కారు లేదు గానీ ఈ నియమం ఆవిడకి ఎప్పుడో తెలుసు. తాళాలగుత్తి బొడ్లో దోపుకునేది. నిద్రలో కూడా అక్కడే. జీవితంలో ఒక్కసారైనా ఇంటి బయట ఉండిపోయిన మనిషి కాదు.

ఇంకో నాలుగు ముక్కలు, నేను డబ్బూ పరువూ పోగొట్టుకుని నేర్చుకున్నవి.

రెండో తాళం బీరువాలో కాదు, మీతోపాటు ప్రయాణం చేసే రెండో మనిషి దగ్గర ఉండాలి. కారులోనే దాచడం బ్యాకప్ కాదు, అదే డిస్కులో ఇంకో ఫోల్డరు.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కారైతే, "తాళం లోపలుంటే అదే లాకవదులే" అని ధీమా వద్దు. రిమోట్‌లో బ్యాటరీ నీరసిస్తే ఆ తెలివి పనిచెయ్యకపోవచ్చు. చాలావాటిలో ఉండేది సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ, ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. రిమోట్ లోపల చిన్న ఇనప తాళంచెవి కూడా దాగి ఉంటుంది. అదెలా బయటికొస్తుందో, తలుపుకి కన్నం ఎక్కడుందో ఇంట్లో కూర్చుని ఒకసారి చూసుకోండి, నడిరోడ్డు మీద కాదు. ఫోన్ యాప్‌తో తలుపు తీసేయొచ్చు కదా అంటారా? ఫోన్ కూడా లోపలే ఉండిపోతుంది, మా లీడుని అడగండి.

స్టీలు స్కేలు వైద్యం పాత కార్లకి సరే. ఇప్పటి తలుపుల్లో వైర్లుంటాయి. తొందరపడి కెలికితే తలుపు తెరుచుకోదు, బిల్లు తెరుచుకుంటుంది. లోపల మనుషులెవరూ లేకపోతే ఓపిగ్గా రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చెయ్యండి. లోపల పిల్లలుంటే మాత్రం లెక్కలొద్దు. ఒకరు 112కి ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు అద్దం పగలగొట్టండి. ముందుదీ వెనకదీ కాదు, పక్క అద్దం. పిల్లలకి దూరంగా ఉన్నది. మధ్యలో కాదు, మూల.

పిల్లలకి కారులో ఇరుక్కుంటే హారన్ నొక్కమని నేర్పండి. చాలా కార్లలో తాళం లేకపోయినా హారన్ మోగుతుంది. మీ దాంట్లో మోగుతుందో లేదో ముందు మీరు చూసుకోండి. మా మేనకోడలికిప్పుడు ఈ విద్య బాగా వచ్చు. అనవసరంగా కూడా నొక్కుతుంది, భరిస్తున్నాం.

ఆఖరిది. పిల్ల కనబడకపోతే మనవాళ్లు ముందు నూతులూ చెరువులూ వెతుకుతారు. వాటితోపాటే వీధిలో ఉన్న ప్రతి కారూ, దాని డిక్కీ కూడా చూడండి. మూసిన కారులో నిమిషాలే లెక్క.

ఇదంతా చదివి "నేనెప్పుడూ వేస్తాను లెండి" అనుకుంటున్నారు కదూ. ఆ రోజు అమ్మతో నేనూ అదే అన్నాను. లేవండి. కిందకెళ్లండి. మీ కారు హ్యాండిల్ ఒకసారి లాగి చూడండి. రాకపోతే హాయిగా వచ్చి పడుకోండి. వస్తే మాత్రం, తాళం వేసొచ్చి, ఊళ్లో కారున్న ఒక్క చుట్టానికైనా ఫోన్ చేసి ఇదే ప్రశ్న అడగండి. మా అమ్మ నన్నడిగినట్టు.